ముందు వస్తువును చూడనివ్వండి

క్రిస్మస్‌కు ముందు ఎదురుచూపు వారాలైన ఆగమన కాలం దగ్గరపడగానే సంఘాల్లోనూ ఇళ్లలోనూ రోజుకొక వస్తువును తీసుకొని ధ్యానం చేసే అలవాటు ఈమధ్య బాగా పెరిగింది. అలవాటు మంచిదే, దానిపై నాకు ఎంతో ప్రేమ కూడా ఉంది. అయితే దాన్ని నడిపించే తీరు చూస్తే మనసుకు కష్టంగా ఉంటోంది. వస్తువు పేరు చెప్పీ చెప్పకముందే దాని అర్థం చెప్పేస్తున్నారు. కొవ్వొత్తి అంటే క్రీస్తు వెలుగు, ఉప్పు అంటే మన సాక్ష్యం, తలుపు అంటే మన హృదయం అని రెండు వాక్యాలు చదివి, ప్రార్థన చేసి ముగిస్తారు. ఆ కొవ్వొత్తిని ఎవరూ చూడలేదు, ఆ ఉప్పును ఎవరూ ముట్టుకోలేదు. విన్నవారు తమకు ముందే తెలిసిన మాటను మరొకసారి విని వెళ్లిపోతారు.

ప్రవక్తలకు దేవుడు వస్తువులను చూపించిన తీరు ఇలా లేదు. ఆమోసు గ్రంథం 8వ అధ్యాయంలో ఆయన వేసవికాలపు పండ్ల గంపను చూపించి, నీకేమి కనబడుతోందని ప్రవక్తను ముందుగా అడిగాడు. ఆమోసు పండ్ల గంప కనబడుతోందని మాత్రమే చెప్పాడు, దానికి ఏ అర్థమూ తగిలించలేదు. ఉన్నదాన్ని ఉన్నట్లు చెప్పిన తరువాతే సందేశం వచ్చింది. అదీ తియ్యని సందేశం కాదు, ఇశ్రాయేలుకు అంతం వచ్చిందనే తీర్పు. యిర్మీయా మొదటి అధ్యాయంలో బాదం చెట్టు కొమ్మ విషయంలోనూ, మసలుతున్న కుండ విషయంలోనూ దేవుడు అదే ప్రశ్న వేశాడు. వస్తువు ముందు కాసేపు నిలబడడం, అది మనం కోరుకోని మాట చెప్పినా వినడానికి సిద్ధపడడం, ఈ రెండూ లేనప్పుడు ఆ వస్తువు ప్రసంగానికి అలంకారంగా మిగిలిపోతుందే తప్ప ధ్యానానికి ద్వారం కాదు.

ఆగమన కాలంలో ఇది మరింత ముఖ్యం. నవంబరు 27కూ డిసెంబరు 3కూ మధ్య వచ్చే ఆదివారంతో ఆరంభమై, నాలుగు ఆదివారాలు సాగే ఈ కాలపు మొదటి ఆదివారాన చాలా సంఘాల పఠన క్రమంలో చదివే సువార్త భాగం యేసు పుట్టిన బేత్లెహేము గురించినది కాదు, ప్రభువు రెండవ రాకడ గురించినది. దొంగ ఏ జామున వస్తాడో తెలియని ఇంటి యజమాని, మెలకువగా ఉండమని ఆజ్ఞ పొందిన ద్వారపాలకుడు అక్కడ మనకు ఎదురవుతారు. అలాంటప్పుడు మొదటి రోజే పశువుల తొట్టి దగ్గరకు పరుగెత్తించే ధ్యానాలు ఎదురుచూపునే మన చేతిలో నుండి లాగేసుకుంటున్నాయని నా అభిప్రాయం. ఈ కాలానికి తగిన వస్తువులు తలుపు గడియ, తాళం, దీపం, నూనె సీసా వంటివి. ఇంకా రానివాని కోసం మేలుకొని ఉన్న ఇంట్లో కనబడే వస్తువులవి.

తాళపుచెవినే తీసుకోండి. రోజూ వాడేదే అయినా దాన్ని చేతిలో పెట్టుకొని నిదానంగా చూసేవారు అరుదు. ఏళ్ల తరబడి తిప్పడం వల్ల పళ్ల అంచులు నునుపు దేరి ఉంటాయి, వేళ్లు పట్టుకునే చోట మెరుగు పోయి లోపలి లోహపు రంగు బయటపడి ఉంటుంది, కాసేపు గుప్పిట్లో ఉంచుకుంటే అరచేతికి లోహపు వాసన అంటుకుంటుంది. అది ఒక్క తాళానికే సరిపోతుంది, మిగిలిన ఏ తలుపు దగ్గరా దానికి అధికారం లేదు. ఇంత చూసిన తరువాత యెషయా 22:22 తెరవండి. దావీదు ఇంటి తాళపు అధికారాన్ని తన సేవకుని భుజం మీద ఉంచుతానని, అతడు తెరిస్తే ఎవరూ మూయలేరని, మూస్తే ఎవరూ తెరవలేరని దేవుడు అక్కడ చెప్పాడు. ప్రకటన గ్రంథం 3వ అధ్యాయం ఆ మాటను క్రీస్తుకు అన్వయించింది. పాశ్చాత్య సంఘ సంప్రదాయంలో డిసెంబరు 17 నుండి 23 వరకు సాయంకాల ప్రార్థనలో పాడే పల్లవుల్లో 20వ తేదీది ఆయనను దావీదు తాళపుచెవీ అని పిలిచి, చెరసాలలో చీకటిలో కూర్చున్నవారిని బయటికి తీసుకొనిరమ్మని వేడుకుంటుంది.

ఇక్కడే ఆ తాళపుచెవి మనకు అడ్డు తిరుగుతుంది. నా చేతిలో ఉన్నది నా తలుపునే తెరుస్తుంది, నేను నిజంగా బయటపడవలసిన తలుపు తాళపుచెవి నా దగ్గర లేదు. జర్మనీకి చెందిన వేదాంతవేత్త డీట్రిష్ బోన్‌హోఫర్ 1943 నవంబరు 21న బెర్లిన్‌లోని టేగెల్ చెరసాల నుండి స్నేహితునికి రాసిన ఉత్తరంలో, చెరసాల గది ఆగమన కాలానికి తగిన పోలిక అని, ఆ తలుపు బయటి నుండి మాత్రమే తెరుచుకుంటుందని చెప్పాడు. ఆయన విడుదల కాలేదు. 1945 ఏప్రిల్ 9న ఆయనను ఉరితీశారు. రాబోవువాడవు నీవేనా అని యేసు దగ్గరకు కబురు పంపిన బాప్తిస్మమిచ్చు యోహాను కూడా చెరసాల నుండి ప్రాణాలతో బయటికి రాలేదు. ఆగమన కాలపు నిరీక్షణ ఇంత బరువైనది. తాళపుచెవి అంటే ప్రార్థన, దానితో ఆశీర్వాదాల తలుపు తీయండి అని చెప్పి ముగించే ధ్యానం ఈ బరువునంతా పక్కకు నెట్టివేస్తుంది. ఈ విషయంలో నాకు కోపమే వస్తుంది.

యేసు పుట్టిన రాత్రి గొర్రెల కాపరులకు దూత ఇచ్చిన ఆనవాలు కూడా ఇంటి వస్తువులే గదా! కిరీటమూ సింహాసనమూ కాదు, పొత్తిగుడ్డలూ పశువుల తొట్టీ. పసిబిడ్డ గుడ్డలు ఎలా ఉంటాయో తెలిసినవారు ఆ వచనాన్ని వేరుగా చదువుతారు. అవి ఉతికి ఉతికి మెత్తబడతాయి, ఎంత ఉతికినా పాలవాసన పూర్తిగా పోదు, ఒకటి ఆరేలోపు మరొకటి తడిసిపోతుంది. శిశువును పొత్తిగుడ్డలతో చుట్టింది తల్లేనని లూకా రాశాడు. దేవుని కుమారుడు ఆమె చేతుల కష్టం మీద ఆధారపడి వచ్చాడు. కాబట్టి వస్తువుల గురించి ధ్యానం రాసేవారు ఆ వస్తువులతో రోజూ పని చేసేవారిని ముందు అడగాలి. పోయిన నాణెం కోసం దీపం వెలిగించి ఇల్లు ఊడ్చిన స్త్రీ ఉపమానాన్ని చదివిన ఒక కూటమిలో, చీపురును చేతిలోకి తీసుకొన్న ఒక పెద్దావిడ, "వెదకడమంటే ముందు నడుము వంచడం, అది ఇందులో రాయనవసరం లేదు, ఊడ్చేవాళ్లకు తెలుసు" అన్నారు. వెదికే దేవుడు వంగిన దేవుడని ఏ ప్రసంగంలోనూ నాకు అంత స్పష్టంగా అర్థం కాలేదు.

ధ్యానం కోసమని కొత్త వస్తువులు కొనడం నాకు సమ్మతం కాదు. బీద పిల్లల ఆశ్రమాన్ని నడిపిన యోహాన్ హిన్రిక్ విహెర్న్ 1839లో హాంబర్గ్‌లో క్రిస్మస్ కోసం ఎదురుచూసే పిల్లలకు రోజులు తెలియాలని పాత బండి చక్రం మీద కొవ్వొత్తులు అమర్చాడు. ఆదివారాలకు పెద్దవి, మిగిలిన రోజులకు చిన్నవి. ఆదివారానికొక కొవ్వొత్తి వెలిగించే నేటి ఆగమన వలయానికి మూలం ఆ బండి చక్రమే. దాని వారసులమైన మనం ఈరోజు ఆగమన క్యాలెండర్ల పేరిట, రోజుకొక గడి తెరిచే 24 గళ్ల పెట్టెల్లో మిఠాయిలూ సౌందర్య సాధనాలూ కొనుక్కుంటూ అదే ఎదురుచూపు అనుకుంటున్నాం.

వాక్యం ఉండగా వస్తువులు ఎందుకు, ఇది విగ్రహారాధనకు దారి తీయదా అని అడిగేవారి భయాన్ని నేను తీసిపారేయను. వస్తువుకు శక్తి ఉందని, దాన్ని ఇంట్లో ఉంచుకుంటే మేలు జరుగుతుందని ఎవరైనా చెబితే అక్కడితో ఆపివేయవలసిందే. కాని పుల్లని పిండినీ పళ్లెంలోని నీళ్లనూ తువ్వాలునూ బోధకు వాడిన ప్రభువు వెంట నడిచేవారు వస్తువులను చూసి భయపడనవసరం లేదు.

ఈ సంవత్సరం ధ్యానాలు సిద్ధం చేస్తున్నవారికి నా మనవి ఒక్కటే. ఇరవై నాలుగు వస్తువులు వద్దు, వారానికి ఒకటి చాలు. కాగితం మీద వస్తువు పేరూ వాక్యభాగమూ మాత్రమే రాయండి, అర్థం రాయకండి. ఆ వస్తువును చేతి నుండి చేతికి అందించి పది నిమిషాలు మౌనంగా ఉండనివ్వండి. తరువాత, ఏమి కనబడుతోందని అడగండి. ఆ ఏడాది ఆప్తులను పోగొట్టుకున్నవారు ఉంటే, పోయినవారి కళ్లద్దాలో గడియారమో తీసుకొని వచ్చి ఏమీ మాట్లాడకుండా కూర్చోవడానికి కూడా చోటివ్వండి, వారికి వెంటనే ఓదార్పు వచనం చదవకండి.