సాయం సాగుదారుకే చేరాలి

గోదారికి వరద వస్తోందని తెలిస్తే లంకల్లో, అంటే నది మధ్య మేట వేసిన దీవుల్లో, ముందు పరుగు పెట్టేది కౌలు రైతే. అరటి గెలలు ముదరకపోయినా నరికి, పడవకెత్తి, రేవు దాటించి, రావులపాలెం మార్కెట్లో వచ్చిన ధరకు ఇచ్చేస్తాడు. నాలుగు రోజులు నీళ్లు నిలిస్తే దుంపతో సహా కుళ్లిపోతుందని అతనికి తెలుసు. పొలం యజమాని ఏ హైదరాబాద్‌లోనో ఉంటారు. పెట్టుబడి సాయం పడేది మాత్రం ఆయన ఖాతాలోనే.

గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయల నడుమ ఉన్న కోనసీమలో ఇది కొత్త కథేమీ కాదు. సాగు చేసేవారిలో కౌలుదారులు ఇక్కడ చాలా ఎక్కువ. 2011లో గిట్టుబాటు కాక సార్వా (ఖరీఫ్ వరి) వేయకుండా పంట విరామం ప్రకటించింది ఈ నేలే. ఆ తర్వాత ప్రభుత్వాలు నేరుగా ఖాతాలో డబ్బు వేసే దారి పట్టాయి. కేంద్రం పీఎం కిసాన్ కింద ఏటా 6,000 ఇస్తోంది. రాష్ట్రం 14,000 కలిపి అన్నదాత సుఖీభవగా 20,000 చేసింది. 2025 ఆగస్టు 2న తొలి విడతగా 7,000 జమ మొదలైంది. దీన్ని మేము మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. ఎరువుల కొట్లో అప్పు పెట్టేవాడికి ఆ సమయంలో ఏడు వేలు చిన్న మొత్తం కాదు.

కానీ పీఎం కిసాన్ భూమి ఉన్న కుటుంబాలకే. కౌలు రైతుకు అందులో చోటే లేదు. రాష్ట్రం ఇచ్చే వాటాకైనా కౌలు కార్డు, అంటే పొలం తనే సాగు చేస్తున్నాడని చెప్పే పత్రం, కావాలి. పంట సాగుదారుల హక్కుల చట్టం (2019) ప్రకారం ఆ కార్డు రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. పీటముడి అక్కడే పడింది. కార్డు గడువు 11 నెలలే, దానితో భూమిపై ఏ హక్కూ రాదు అని చట్టంలోనే రాసి ఉంది. అయినా యజమానులు జంకుతున్నారు. పొలం చేజారుతుందేమోనన్న పాత కౌలు చట్టం నాటి భయం పోలేదు. పైగా అదే పొలం మీద వాళ్లు పంట రుణం తీసుకుని ఉంటారు, కార్డు దానికి అడ్డొస్తుందేమోనని సందేహం. వాళ్లను తప్పుబట్టడం మా ఉద్దేశం కాదు, వారిలోనూ ఎకరం, అరెకరం వాళ్లు ఎందరో. ‘సంతకం అడిగితే వచ్చే ఏడు పొలం ఇంకొకరికి ఇచ్చేస్తారేమో’ అన్న టెన్షన్‌తో కౌలు రైతు అసలు నోరే విప్పడు. కౌలు శిస్తు నోటిమాట మీద, సాగు నోటిమాట మీద. వరదొచ్చాక నష్టం రాయడానికి వచ్చినవాళ్లు మాత్రం కాగితం చూపించమంటారు.

33 శాతానికి మించి పంట పోతే పెట్టుబడి రాయితీ ఇవ్వాలన్నది నిబంధన. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు లంకల్లో తోటలకు తోటలే మునిగాయి. అలాంటప్పుడు కాగితం లేని రైతు ఎవరిని అడగాలి?

సంతకం షరతు తీసేయాలి. పొలంలో ఫొటో తీసి పంట నమోదు చేసే ఈ-పంట విధానం ఇప్పటికే ఉంది. అందులో సాగుదారు పేరు నిజాయతీగా రాస్తే అదే ఆధారమవుతుంది. పక్క పొలాల రైతులు చెబితే చాలు, ఊళ్లో ఎవరు దున్నుతున్నారో అందరికీ తెలిసిందే. యజమాని రుణానికి, హక్కుకు ఢోకా లేదని ప్రభుత్వమే రాతపూర్వకంగా చెప్పాలి. లంకలకు సిబ్బంది వరదకు ముందే పడవెక్కి వెళ్లాలి. నీళ్లు తీశాక వెళితే అక్కడ నమోదు చేయడానికి ఇసుక మేటలే మిగులుతాయి.