మరగడం అంటే నీళ్ళు కాగడమేనా?

"వీధి కుక్క ఒకటి మా గడప మరిగింది" అని ఒక పత్రికకు పంపిన వ్యాసంలో రాశాను. అచ్చులో "గడపకు అలవాటుపడింది" అని వచ్చింది. ఫోను చేస్తే, "మరగడం అంటే నీళ్ళు కాగడం కదండీ, పాఠకులు తికమకపడతారు" అన్నాడు దిద్దినాయన. గడపను పొయ్యి మీద పెట్టానని ఎవరనుకుంటారు నాయనా! 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులోనూ ఉన్న అర్థమే ఇది, నా సొంతం కాదు.

అలవాటుపడటం వేరు, మరగడం వేరు. కొత్త చెప్పు కరిచినా నాలుగు రోజులకు కాలు అలవాటుపడుతుంది. కాకర చేదుకు నాలుకా అంతే. ఇష్టం లేకపోయినా సర్దుకుపోవడం అది. మరగడంలో సర్దుబాటు లేదు, రుచి తగలాలి. చిన్నప్పుడు అమ్మమ్మ ఇంట్లో ఒక రాత్రి వంటింటి కిటికీ వేయడం మరిచారు. పిల్లి పాలగిన్నె మీది మూత తోసి మీగడంతా నాకేసింది. మర్నాటి నుంచి కిటికీ మూసినా సరే, అదే వేళకు వచ్చి రెక్కను గోళ్ళతో గీకేది. "పాలు మరిగిన పిల్లి, ఇక పోదు" అంది అమ్మమ్మ. అక్కడ "పాలకు అలవాటుపడిన పిల్లి" అనండి, ఆ గీకుడు వినిపించదు.

వాక్యంలో దీని నడకా వేరే. "లంచాలకు మరిగాడు" అనేవాళ్ళూ ఉన్నారు కానీ, నా చెవికి "లంచం మరిగాడు" అంటేనే ఇంపు. మధ్యలో "కు" కూడా అడ్డుండదు, నేరుగా పట్టేసుకుంటుంది.

పులి మనిషికి మాలిమి అయిందంటే పక్కన నిలబడి ఫొటో తీయించుకుంటారు. మనిషిని మరిగిందంటే ఊరంతా తలుపులు వేసుకుంటుంది. 2020 నవంబరులో ఆసిఫాబాద్ జిల్లాలో పులి దాడికి ఇద్దరు చనిపోయినప్పుడు మా ఇంట్లో టీవీ ముందు కూర్చున్న పెద్దలు అడిగిన మొదటి మాట, "మనిషి రక్తం మరిగిందా?" అనే. దీన్ని "అలవాటుపడిందా" అని దిద్దమనండి చూద్దాం.

ఇప్పుడు ప్రతిదానికీ "అడిక్ట్ అయ్యాడు" అంటున్నారు. పిల్లవాడు ఫోను మరిగాడు, నాయకుడు కుర్చీ మరిగాడు అంటే నోరు నొప్పి పుడుతుందా?

ఆ కుక్క ఇంకా గడప దగ్గరే ఉంది. నేను పెట్టింది ఒక్క పూట పెరుగన్నం.