మూకలో ఒక్కడు తప్పిపోతే ఎవరికి తెలుస్తుంది?

బుధవారం రాత్రి పదిన్నర దాటాక నా ఫోన్ మోగడం మొదలవుతుంది. మా కాలేజీ పిల్లల వాట్సాప్ గ్రూపులో నన్నెవరో పొరపాటున చేర్చారు, తీసేయడం మర్చిపోయారు. "వీక్ 5 ఆన్సర్స్ ఎవరైనా పెట్టండ్రా" అని ఒకడు అడుగుతాడు. నిమిషంలో ఫొటో వచ్చేస్తుంది. ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సులు ఎన్‌పీటెల్; ఆ అసైన్‌మెంట్ గడువు అర్ధరాత్రికి. ఆ సమయానికి హాస్టల్‌కి వెళ్తే అదే కోర్సు వీడియో ఒక మంచం మీద మ్యూట్‌లో, డబుల్ స్పీడ్‌లో తన పాటికి తను నడుస్తూ కనిపిస్తుంది. ఫోన్ తాలూకు మనిషి క్యారమ్స్ ఆడుతుంటాడు.

ఎవరైనా, ఎంతమందైనా చేరగలిగే ఇలాంటి ఆన్‌లైన్ కోర్సులను మూక్స్ అంటారు. తెలుగు చెవికి 'మూక' అని వినిపిస్తుంది. పేరు బాగానే కుదిరింది. ఆ మూకలో ఎవరు మిగిలారు, ఎవరు జారిపోయారు అని ఏళ్ల తరబడి లెక్క చూసిన పరిశోధకుడు అమెరికాలోని ఎంఐటీలో పనిచేసే జస్టిన్ రైక్. హార్వర్డ్, ఎంఐటీలు ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ వేదికలో పెట్టిన కోర్సుల డేటాను 2012 నుంచి 2018 దాకా తీసుకుని, సహచరుడితో కలిసి 2019 జనవరిలో 'సైన్స్' పత్రికలో వ్యాసం రాశారు. మొత్తం 56 లక్షల మంది, కోటీ 26 లక్షల రిజిస్ట్రేషన్లు. పేరిచ్చినవాళ్లలో సగానికి పైగా కోర్సు ఒక్కసారి కూడా తెరవలేదు. 2017-18లో చివరిదాకా నిలిచింది 3.13 శాతం. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం 46 శాతం.

ఈ 46 శాతం చూపించి "ఫీజు పెట్టండి, డిగ్రీలో కలిసే క్రెడిట్లు ఇవ్వండి, పిల్లలు వాళ్లే చదువుతారు" అనేవాళ్లు మన దగ్గర చాలామంది. నాకది తలకిందుల లెక్క. చదవాలని ముందే తీర్మానించుకున్నవాడే కదా జేబులోంచి డబ్బు తీసేది! అంతకుముందు 2015లో రైక్ మరో పరిశోధకుడితో కలిసి చూసినప్పుడు అమెరికాలోనే కలిగిన ఇళ్ల పిల్లలు ఎక్కువగా చేరుతున్నారని, ఎక్కువగా పూర్తి చేస్తున్నారని తేలింది. ఉన్నవాడికే ఇంకొంచెం అందింది.

మన దగ్గర ఎన్‌పీటెల్ కోర్సులు కూడా దొరికే ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక 'స్వయం' 2017లో వచ్చింది. 2021లో యూజీసీ 40 శాతం వరకు క్రెడిట్లు అందులోంచి తెచ్చుకోవచ్చంది. ఎన్‌పీటెల్‌ని నేను తప్పుపట్టను. అసైన్‌మెంట్లకు 25 మార్కులే, మిగతా 75 సెంటరుకు వెళ్లి పరీక్ష రాసి తెచ్చుకోవాల్సిందే. పాఠాలూ మంచివే. చిక్కంతా కాలేజీల్లో. క్రెడిట్ వస్తోంది కాబట్టి ఆ సబ్జెక్టుకు మనిషి అక్కర్లేదనుకుంటున్నారు. టైమ్‌టేబుల్లో మెంటర్ అని ఒక పేరు రాస్తారు. ఆ పేరు నాది అయిన సెమిస్టర్లున్నాయి, నేనూ సంతకం పెట్టి ఊరుకున్నాను.

చిన్న చిన్న చిట్కాలతో పిల్లల్ని నిలపొచ్చేమో అని కూడా రైక్ బృందం ప్రయత్నించింది. 2020లో వెలువడిన ఆ అధ్యయనంలో సుమారు 250 కోర్సులు, రెండున్నర లక్షల మంది. ఏ రోజు, ఏ వేళ కూర్చుని చదువుతారో ముందే రాసుకోమన్నారు. మొదటి కొన్ని వారాలు కాస్త ఊపు కనిపించింది. కోర్సు ముగిసేసరికి తేడా లేదు.

1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు, అదే ఇప్పటి అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ, తొలి వీసీ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. పుస్తకాలు పోస్టులో పంపి చేతులు దులుపుకోలేదు. ఊళ్లలోని కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టారు. ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, ఇల్లు నడుపుకునే ఆడవాళ్లు ఆదివారం క్లాసులకు వచ్చి సందేహాలు అడిగేవారు. దూరవిద్యలోనే మనిషిని దగ్గర పెట్టారు. మనం క్యాంపస్‌లోనే ఉన్న పిల్లలకు దూరవిద్య చెబుతున్నాం.

ఈ సెమిస్టర్ మంగళవారం సాయంత్రాలు ల్యాబ్ ప్రొజెక్టర్‌లో ఆ వీడియోలు వేస్తున్నాను. పన్నెండు మంది వస్తున్నారు. చెప్పాల్సిన చోట ఆపుతాను. మొన్న వీడియోలో ప్రొఫెసర్ గారు "వితౌట్ లాస్ ఆఫ్ జెనరాలిటీ" అని, అంటే ఈ ఒక్క సందర్భం చూస్తే మిగతా వాటికీ సరిపోతుందని, ముందుకెళ్లిపోయారు. వెనక బెంచీలోంచి, ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివిన అబ్బాయి చెయ్యెత్తాడు.

"సార్, లాస్ అంటున్నారు. నష్టం ఎవరికి సార్?"

ఎవరూ నవ్వలేదు. మిగతా పదకొండు మందీ నావైపే చూస్తున్నారు.