మావయ్య పంచెకు విషమెక్కిన వైనం

మా పెద్ద మావయ్యకు పట్టు పంచెలంటే పడదు. పెళ్ళికైనా పేరంటానికైనా నూలు పంచే, అదీ గంజి దట్టంగా పట్టించిందే. ఆయన నడిస్తే ఫెళఫెళమని చప్పుడు. వీధి మలుపులో మనిషి కంటే ముందు పంచె కనిపిస్తుంది.

మేనకోడలి పెళ్ళిలో ఇంకాసేపటికి పెళ్ళికూతుర్ని బుట్టలో మోసుకురావాల్సిన ఈ మనిషి, షామియానా తాడు తట్టుకుని బోర్లా పడ్డాడు. మోకాలు దోక్కుపోయింది. ఎవరో పెద్దాయన టించర్ అయోడిన్ సీసా తెచ్చి, దూది కోసం వెతికే ఓపిక లేక తిన్నగా ఒంపేశాడు. సగం మోకాలికి, సగం పంచెకి. మోకాలు గోధుమరంగులోనే ఉంది. పంచె మాత్రం చూస్తుండగానే నీలమై, నల్లబడింది.

"విషం! తట్టుకున్నది తాడు కాదు, పామే!" అన్నారెవరో. అప్పటిదాకా దుమ్ము దులుపుకుంటున్న మావయ్య, ఆ మాట వినగానే కళ్ళు తేలేశాడు.

ఇంటర్ బైపీసీ చదివే మా పిన్ని కూతురు జనాన్ని తోసుకుని వచ్చింది. "విషమెక్కితే ఒళ్ళు నీలమవ్వాలి గానీ పంచె ఎందుకవుతుంది మావయ్యా? అది గంజి! గంజిలో ఉండేది పిండిపదార్థం. గ్లూకోజ్ అణువుల గొలుసులు. వాటిలో అమైలోజ్ అనేది స్ప్రింగులా మెలితిరిగి ఉంటుంది. అయోడిన్ ఆ మెలికల్లో దూరిందంటే నీలమే."

"మరి నూలు సంగతేంటే?" అన్నాడు తాతయ్య.

"నూలూ గ్లూకోజే తాతయ్యా. దాన్ని సెల్యులోజ్ అంటారు. గ్లూకోజ్‌ని గ్లూకోజ్‌కి కలిపే ముడి ఒక్కటే తేడా. గంజిలో ఆల్ఫా రకం, నూలులో బీటా రకం. బీటా ముడి పడితే గొలుసు మెలితిరగదు, తిన్నగా సాగి పక్కవాటిని పట్టుకుని గట్టి పోగవుతుంది. ఆ ముడి విప్పే ఎంజైము మనకి లేదు. ఆవు పొట్టలో సూక్ష్మజీవులకుంది. అందుకే గంజి మనకరుగుతుంది, గడ్డి దానికరుగుతుంది."

"అంటే వీడు ఇన్నేళ్ళూ గ్లూకోజ్‌కి గ్లూకోజ్ పట్టించి చుట్టుకు తిరుగుతున్నాడా! షుగరు రమ్మంటే రాదూ మరి!"

మావయ్యకి ప్రాణం లేచొచ్చింది, పంచె మీద బెంగ పట్టుకుంది. పట్టుపంచె ఇస్తామంటే ససేమిరా అని, తువ్వాలు చుట్టుకుని గదిలో కూర్చున్నాడు. అత్తయ్య పంచెను మరిగే నీళ్ళలో ముంచింది. మరక మాయం! మేళగాళ్ళతో సహా అందరూ హమ్మయ్య అనుకున్నారు. తీసి దులిపి దండెం మీద వేసి, కాస్త చల్లారిందో లేదో, మరక మళ్ళీ తేలింది.

"వేడికి మెలిక వదులై అయోడిన్ బయటికొస్తుంది, చల్లారితే మళ్ళీ లోపలికి పోతుంది," అంది పిల్ల.

"అయితే ముహూర్తం దాకా పొయ్యి మీదే ఉంచమంటావా, నన్ను కూడా?" గదిలోంచి కేక.

"నిమ్మరసం పిండండి. అందులో సి విటమిన్ అయోడిన్‌ని రంగులేని అయొడైడ్ చేసేస్తుంది."

వంటశాలలో పులిహోర కోసం కోసి పెట్టిన నిమ్మచెక్కలన్నీ క్షణంలో అత్తయ్య చేతిలోకి వచ్చాయి. వంటాయన లబోదిబోమన్నాడు, వినేదెవరు? మరక పోయింది. మావయ్య ఆ తడి పంచెతోనే, కుంటుకుంటూ, నిమ్మకాయ వాసన వేసుకుంటూ బుట్ట ఎత్తాడు.

భోజనాల్లో మగపెళ్ళివారి పెద్దాయన ముద్ద నోట్లో పెట్టుకుని, "పులిహోరలో పులుపేదండీ?" అని అడిగాడు. వడ్డిస్తున్న మావయ్య చటుక్కున రెండడుగులు వెనక్కి వేసి, "సాంబారు వేయించుకోండి బావగారూ!" అన్నాడు.