కాజాలు ఎవరు కుట్టారు?

వ్యాపారం పెట్టాలంటే ముందు తండ్రి పోవాలి. ఆయన బతికున్నన్నాళ్ళూ పరమ పిసినారి అయి ఉండాలి, పోయాక చేతికి చిల్లిగవ్వ రాకూడదు. పెద్దమనిషని నలుగురూ దండం పెట్టిన ఆ మనిషికి ఇంకోచోట చిన్నిల్లు ఉందని దినాలు కాకముందే తెలిస్తే మరీ శ్రేష్ఠం. ఇంట్లో పెళ్ళికాని ఆడపిల్లలు ఇద్దరుండాలి. ఒకరికి 30, ఇంకొకరికి 18. చిన్నదానికి 21 నిండేదాకా పెత్తనం చెలాయించడానికి బ్యాంకులో పనిచేసే చుట్టం ఒకడు కావాలి. ఈ సామగ్రి సమకూరాక ఏదో ఒక పొద్దున కిటికీలోంచి దిగులుగా బయటికి చూస్తే చాలు, నాలుగైదు వారాల్లో లండన్‌లో కులీన స్త్రీలకు గౌనులు కుట్టే దుకాణం వెలుస్తుంది.

ఇది నా సొంత పైత్యం కాదు. బీబీసీ వారు 1991 నుంచి 1994 దాకా మూడు విడతల్లో, 34 భాగాల్లో దేశానికి నేర్పిన విద్య. సీరియల్ పేరు ‘ది హౌస్ ఆఫ్ ఎలియట్’. కాలం 1920లు. అక్క బియాట్రిస్, చెల్లెలు ఇవాంజెలీన్. మధ్యలో జాక్ అనే ఫొటోగ్రాఫరు. ఫ్యాషన్ వ్యాపారానికి బట్ట ఎంత ముఖ్యమో ప్రేమించే ఫొటోగ్రాఫరు అంత ముఖ్యమని నాకు ఇది చూశాకే తెలిసింది.

ఆ సీరియల్ నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి ఒంటరిగా, రెండోసారి మా అమ్మతో. మొదటిసారే బాగుంది.

మా అమ్మ తెనాలిలో మా ఇంటి వసారాలో ముప్ఫై ఏళ్ళకు పైగా జాకెట్లు కుట్టింది. ఇప్పుడు చూపు ఆనడం లేదని మానేసింది గానీ టీవీలో బట్ట కనిపిస్తే మాత్రం చూపు బాగానే ఆనుతుంది. ఇంగ్లీషు రాదు కాబట్టి కథ నేను చెబుతూ ఉండాలి. అక్కాచెల్లెళ్ళ మధ్య అపార్థం వచ్చిందనీ, జాక్ మనసు విరిగిందనీ నేను గొంతు తగ్గించి చెబుతుంటే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఇది:

“ఒరేయ్, ఆ గౌనుకి కొలతలెప్పుడు తీసుకుందిరా?”

నిజమే. చెల్లెలు కాగితం మీద పెన్సిలుతో నాలుగు గీతలు గీసింది. మరుసటి దృశ్యంలో గౌను మెట్లు దిగి వస్తోంది. నడుమ టేపు లేదు, సుద్దముక్క లేదు, ఆది జాకెట్టు లాంటిదేదీ లేదు. “కళ అంటే అదేనమ్మా” అన్నాను. “సరే, కాజాలు ఎవరు కుట్టారు?” అంది.

ఇక్కడ సీరియల్ పక్షాన నేను గట్టిగా నిలబడదలుచుకున్నాను. కాజాలు ఎందుకు చూపించాలి? ఒక్క కాజా చుట్టూ చేత్తో దారం చుట్టి కుట్టాలంటే పావుగంట. అలాంటివి పన్నెండు చూపిస్తే భాగం అయిపోతుంది, ప్రేమించుకోవడానికి టైమెక్కడిది? కుట్టుగది లేదని నేననను. ఉంది. అందులో టిల్లీ ఉంది, ఆగ్నెస్ ఉంది, మాడ్జ్ ఉంది. వాళ్ళ కష్టసుఖాలూ ఉన్నాయి. కాకపోతే వాళ్ళు సూది పట్టుకునేది యజమాని గదిలోకి వచ్చేదాకానే. ఆవిడ రాగానే సూది ఆగుతుంది, సంభాషణ మొదలవుతుంది. మా అమ్మ దగ్గర హెమ్మింగు చేసే పిల్లలు అలా తలెత్తి కబుర్లు చెప్పి ఉంటే మాఘమాసంలో మా వీధి పెళ్ళికూతుళ్ళు జాకెట్లు లేకుండా పీటల మీద కూచునేవాళ్ళు.

చిత్రమేమిటంటే ఈ కథ పుట్టించిన జీన్ మార్ష్, ఐలీన్ ఆట్కిన్స్ ఇద్దరూ దొరల ఇళ్ళల్లో కొలువు చేసినవాళ్ళ బిడ్డలు. అంతకుముందు వాళ్ళ ఊహలోంచే వచ్చిన ‘అప్‌స్టెయిర్స్, డౌన్‌స్టెయిర్స్’ సీరియల్లో పనివాళ్ళు మేడ కింద ఉండి కూడా కథంతా ఆక్రమించారు. ఇరవై ఏళ్ళకు వాళ్ళు మేడ మీద గదిలోకి ప్రమోషన్ మీద వచ్చారన్నమాట. అభివృద్ధి అంటే ఇలా ఉండాలి.

ఇంగ్లండులో కొందరికి ఇంత గంభీరమైన పని నచ్చలేదు. ఫ్రెంచ్, సాండర్స్ అనే ఇద్దరు హాస్యనటీమణులు ‘హౌస్ ఆఫ్ ఇడియట్’ అని పేరు మార్చి ఆడేసుకున్నారు. మన దగ్గరైతే మనోభావాలు దెబ్బతినేవి.

అమ్మను ఎలాగైనా ఒప్పించాలని చరిత్ర తీశాను. అదే నేను చేసిన తప్పు. ఫ్రెంచి ఫ్యాషన్ రూపకర్త షనెల్ సంగతి చెప్పాను: అనాథాశ్రమంలో పెరిగింది, 1910లో ప్యారిస్‌లో టోపీల కొట్టు పెట్టింది, పెట్టుబడి ప్రియుడిచ్చాడు. “తిరిగి ఇచ్చేసిందా?” అంది అమ్మ. ఇచ్చేసిందన్నాను. “అయితే మంచిదే.” షనెల్ మీద ఆవిడ అభిప్రాయం అంతటితో ముగిసింది.

తర్వాత లండన్‌కే వచ్చాను. లూసీల్ అనే పేరుతో దుకాణం నడిపిన లేడీ డఫ్ గోర్డన్. మొదటి మొగుడితో తెగతెంపులయ్యాక ఇంట్లోనే బట్ట కత్తిరించుకుంటూ మొదలుపెట్టింది. 1912లో టైటానిక్ ఎక్కింది. నలభై మంది పట్టే పడవలో పన్నెండు మందిమి బయటపడ్డామని లోకం చేత మాటలు పడింది. 1920ల మొదట్లో, అంటే ఎలియట్ అక్కాచెల్లెళ్ళు దుకాణం తెరిచే రోజుల్లోనే, ఆవిడ దుకాణం చేజారింది. ఈ కథ రాసి ఏ చానెల్‌కైనా పట్టుకెళ్ళండి, నమ్మశక్యంగా లేదని తిప్పి పంపిస్తారు.

అమ్మ నిటారుగా కూచున్నది మాత్రం మదలేన్ వియొనే పేరు దగ్గర. చిన్నతనంలోనే కుట్టుపనిలో చేరి, కొన్నేళ్ళు లండన్‌లో కూడా సూది పట్టి, తర్వాత ప్యారిస్‌లో సొంత సంస్థ పెట్టిన మనిషి. చిన్న చెక్కబొమ్మ మీద బట్ట చుట్టి చూసుకునేది. నకలు రాకుండా తన బొటనవేలి ముద్ర ఉన్న పట్టీ కుట్టించేది. బట్టను ఐమూలగా కత్తిరించి ఒంటికి అమిరేలా చేయడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు.

“ఐమూలగానా? అంటే మన క్రాస్ కటింగేగా!”

భుజం మీది కండువా లాక్కుంది. పడుగు వెంట పట్టి లాగింది. బట్ట కదల్లేదు. పేక వెంట లాగింది, లేదు. ఎదురెదురు మూలలు పట్టుకుని లాగేసరికి రబ్బరులా సాగి, వదలగానే ముడుచుకుంది. “ఇదీ కిటుకు. బట్ట ఎక్కువ పడుతుంది, బేరమాడే వాళ్ళకి ఈ ముక్క అర్థం కాదు” అంది. 34 భాగాల్లో నాకు అందని ఫ్యాషన్ రహస్యం అరనిమిషంలో మా హాల్లో తేలిపోయింది. కెమెరా మాత్రం లేదు.

ఊరుకోక ఇంకో మాట కూడా చెప్పాను. వియొనే దగ్గర వెయ్యి మందికి పైగా పనిచేసేవాళ్ళు. జీతంతో సెలవులిచ్చేది, డాక్టరును పెట్టింది, పళ్ళ డాక్టరును కూడా పెట్టింది.

“కుట్టేవాళ్ళకి పళ్ళ డాక్టరా?”

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నా వైపు తిరిగి పెదవి పైకెత్తి చూపించింది. ముందుపన్ను అంచున సన్నటి గాడి. కత్తెర అందుకునే తీరిక లేక పంటితో దారం తెంపిన ముప్ఫై ఏళ్ళ గుర్తు. ఇంతకాలం ఆవిడ చేతి ముద్ద తిన్నాను, ఎదురుగా కూచుని పోట్లాడాను, ఆ పన్ను నేనెప్పుడూ చూడలేదు. ఎలియట్ వారి కుట్టుగదిలో అందరి పళ్ళూ ముత్యాల్లా ఉంటాయి. దుస్తుల రూపకర్త జోన్ వాజ్‌కు బ్రిటన్‌లో సినిమా, టీవీ వాళ్ళకిచ్చే బాఫ్టా అవార్డు కూడా వచ్చింది, బట్టలు అంత బాగున్నాయి మరి. పళ్ళ విభాగానికి అవార్డు ఉన్నట్టు లేదు.

చరిత్రలో ఒక ముక్క మాత్రం నేను అమ్మకు చెప్పలేదు. 1863 జూన్‌లో అదే లండన్‌లో మేరీ ఆన్ వాక్లీ అనే ఇరవయ్యేళ్ళ పిల్ల ఇరవయ్యారున్నర గంటలు ఏకబిగిన కుట్టింది. కొత్తగా వచ్చిన యువరాణి అలెగ్జాండ్రా గౌరవార్థం నృత్యోత్సవం, దొరసానులకు గౌనులు కావాలి. గదికి ముప్ఫై మంది, గాలి ఆడదు. శుక్రవారం జబ్బుపడింది, ఆదివారం పోయింది. చేతిలో పని పూర్తిచేయకుండానే పోయిందని యజమానురాలు ఆశ్చర్యపోయిందట. మార్క్స్ ‘పెట్టుబడి’లో ఎక్కించాడు ఆ సంగతి. మన వైపు చాలా ఇళ్ళ అటకల మీద ఆ పుస్తకం ఉంటుంది, దించిన వాళ్ళే తక్కువ. మనవాళ్ళు జాకెట్టుకి రెండొందలు ఎక్కువిచ్చి మరీ కుట్టించుకునే ప్రిన్సెస్ కట్ ఉందే, ఆ ప్రిన్సెస్ ఈ అలెగ్జాండ్రాయే అంటారు.

ఇలాంటివి సీరియల్లో పెట్టకపోవడమే ఉచితం. చూసేవాళ్ళకు రాత్రి అన్నం సయించొద్దూ?

చివరి భాగం అయిపోయింది. 1994లో మూడో విడతతో బీబీసీ వారు కత్తెర వేసేశారు, నాలుగోది రాలేదు. కథ ఎక్కడిదక్కడే వేలాడుతూ ఉండిపోయింది. అక్క ఏమైంది, చెల్లెలు ఏమైంది, దుకాణం ఎవరి చేతికి పోయింది, అన్నీ గాల్లోనే. నేను రిమోట్ నొక్కి “ఇంతేనమ్మా, ఇక లేదు” అన్నాను.

అమ్మ కండువా మడతపెడుతూ ఆగింది.

“అదేమిట్రా! ఆ ఈకల టోపీ ఆవిడ గౌను పట్టుకెళ్ళి ఎన్నాళ్ళయింది? బాకీ తీర్చనేలేదుగా!”