తిన్నె మీది గ్రాఫిక్స్ కార్డు

పనిచేస్తున్న ల్యాప్‌టాప్‌ను పారేయడం పాపం. ఇది నా సిద్ధాంతం. దీన్ని కాపాడుకోవడానికి ఇప్పటిదాకా ఎంత ఖర్చయిందో మాత్రం ఇంట్లో చెప్పలేదు.

మాది తిరుపతి. ల్యాప్‌టాప్‌ది 2012. మూడో తరం ఐ5 ప్రాసెసర్, లెక్కలు కట్టే కోర్లు అందులో రెండే, గ్రాఫిక్స్ అంటారా, ప్రాసెసర్‌తో పాటు కొసరుగా వచ్చింది తప్ప విడిగా ఏమీ లేదు. కొత్త ఆట ఏదైనా పెడితే బొమ్మ కదలదు, ఫ్యాను మాత్రం రేణిగుంటలో దిగే విమానంలా మోగుతుంది. ఇలాంటప్పుడు మామూలు మనిషి కొత్తది కొంటాడు, పొదుపరి తెర మీద బొమ్మలు గీసిపెట్టే గ్రాఫిక్స్ కార్డును బయట నుంచి తగిలిస్తాడు. లోపల చోటు లేనంత మాత్రాన అల్లుణ్ని వెనక్కి పంపుతామా, తిన్నె మీద కుర్చీ వేస్తాం.

నా అల్లుడు 2016లో మార్కెట్లోకి వచ్చిన జీటీఎక్స్ 1060 కార్డు, సెకండ్ హ్యాండ్ సంబంధం. తిండి 120 వాట్లు. మా ల్యాప్‌టాప్ ఛార్జరే మొత్తం 90 వాట్లు, అంటే ఇంటిల్లిపాదీ పస్తున్నా ఈయనకు కడుపు నిండదు. అందుకని వేరే పొయ్యి పెట్టాల్సి వచ్చింది, అదే డెస్క్‌టాప్ పవర్ సప్లై. అదేమో మదర్‌బోర్డు, అంటే కంప్యూటర్ భాగాలన్నీ తగిలించే పలక, లేనిదే వెలగదు. దాని 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగ చివరను నల్ల తీగ చివరకు కలిపితే మదర్‌బోర్డు ఉందనుకుని పాపం లేచి పనిలో పడుతుంది. అబద్ధంతో మొదలైన కాపురమే గానీ, పెళ్లిళ్లలో ఇంతకంటే పెద్దవి ఆడినవాళ్లున్నారు.

ఇక దారి సంగతి. ల్యాప్‌టాప్ పక్కన ఎక్స్‌ప్రెస్‌కార్డు అని ఒక సందు ఉంటుంది, పదమూడేళ్లలో దాంట్లోకి దుమ్ము తప్ప ఏదీ పోలేదు. గ్రాఫిక్స్ కార్డును ల్యాప్‌టాప్‌కు కలిపే అడాప్టర్ పెట్టేది అక్కడే. ఈ కార్డు డెస్క్‌టాప్‌లో ఉంటే దానికి డేటా నడిచే దారులు, అంటే లేన్లు, పదహారు, సెకనుకు దాదాపు 16 జీబీ. నా సందులో ఒకటే లేను, అదీ పాత తరానిది, సెకనుకు 500 ఎంబీ. వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో కంపార్ట్‌మెంట్లన్నీ నిండి, జనం బయట రోడ్డు దాకా ఉన్నరోజు మీరు వెళ్లే ఉంటారు. సరిగ్గా అదే. లోపల ఎంత వేగంగా దర్శనం చేయించినా, ముందు ఆ ఇరుకు లైను కదలాలి కదా. నా ల్యాప్‌టాప్‌లో డేటా అంతా పిల్లాజెల్లాతో ఆ ఒక్క లైన్లో నిలబడి ఉంటుంది, 'జరగండి జరగండి' అనే నాథుడు కూడా లేడు.

అంతటితో అయిపోలేదు. తయారైన బొమ్మ ల్యాప్‌టాప్ తెర మీదే కనబడాలంటే ఆ సందులోంచే వెనక్కి రావాలి, వేగం ఇంకా పడిపోతుంది. కార్డుకే నేరుగా మానిటర్ తగిలిస్తే ఆ తిప్పలుండవు. తగిలించాను. ల్యాప్‌టాప్ మూత మూశాను. మూశాక కీబోర్డు అందదు కాబట్టి బయట కీబోర్డు ఒకటి, దానికి తోడు మౌసు. మా అమ్మ వచ్చి టేబుల్ వైపు చాలాసేపు చూసింది. "ఏమిరా, ఒళ్లో పెట్టుకోవచ్చు, యాడికైనా తీసకపోవచ్చు అని గదా ఇది కొనిపించుకున్నావు?" అంది. పొదుపులో ఇలాంటి లోతైన విషయాలు పాతతరానికి చెప్పినా అర్థం కావని ఊరుకున్నాను.

మొదటిసారి ఆన్ చేస్తే విండోస్ చూపించిన లోపం కోడ్ 12. కార్డుకు ఇవ్వడానికి సరిపడా వనరులు లేవని దాని అర్థం, ధోరణి చూస్తే నా బ్యాంకు ఖాతా సందేశంలాగే ఉంది. పాత యంత్రాల్లో 4 జీబీ లోపలి మెమరీ అడ్రస్‌ల కోసం పోటీ ఎక్కువ, కార్డు వచ్చేసరికి సీట్లన్నీ తువ్వాళ్లు వేసి ఉంటాయి. ఒక ర్యామ్ పుల్ల పీకేస్తే కొన్నిట్లో సర్దుకుంటుందన్నారు. పీకాను, సర్దుకుంది. అంటే యంత్రం వేగం పెంచడానికి దాని జ్ఞాపకశక్తి సగం తగ్గించాను, ఇందులో నాకైతే వైరుధ్యం ఏమీ కనబడలేదు.

ఆట నిజంగానే కదిలింది, అబద్ధం ఎందుకు. అంతకుముందు ఫొటో ఆల్బమ్‌లా ఉన్నది ఇప్పుడు సినిమాలా ఉంది. ఊళ్లో జనం గుమిగూడే సన్నివేశం వస్తే మాత్రం మళ్లీ ఆల్బమే, ఎందుకంటే అక్కడ లెక్కలు కట్టాల్సింది ఆ రెండు కోర్లు, వాటికి తిన్నె మీద ఎంత గొప్ప అల్లుడున్నా ఒకటే. కరెంటు పోయినప్పుడు ఇంకా ముచ్చట. బ్యాటరీ ఉంది కనుక ల్యాప్‌టాప్ ఆగదు, కార్డూ మానిటరూ ఆరిపోతాయి. చీకట్లో మూత తీస్తే అది బిగుసుకుపోయి, నాలాగే అల్లుడి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

ఇప్పుడు మిగిలిన సమస్య దుమ్మొక్కటే. కార్డు బయట పడుంది, మే నెల గాలి సంగతి మీకు చెప్పాలా. అన్నిటినీ ఒక డబ్బాలో పెడితే బాగుంటుందని మొన్న గాంధీ రోడ్డు వైపు పోయి ఒక కంప్యూటర్ షాపులో క్యాబినెట్ అడిగాను. కుర్రాడు మంచిదే తీశాడు, పక్కకు అద్దం, ముందు రెండు ఫ్యాన్లు. "పవర్ సప్లై ఉందా సార్?" ఉంది. "గ్రాఫిక్స్ కార్డు?" ఉంది. మానిటర్, కీబోర్డు? అన్నీ ఉన్నాయన్నాను.

"మదర్‌బోర్డు ఏ సైజు సార్, చూసి చెప్తా."

బ్యాగు జిప్పు తీసి ల్యాప్‌టాప్ బల్ల మీద పెట్టాను.