నల్లకోటు బీరువాలోనే ఉంది

"ఏ కోర్టమ్మా నీది?" అని మా పెదనాన్న ప్రతి పండుగకూ అడుగుతారు. గుంటూరులో నలభై ఏళ్లు ప్లీడరు ఆయన. కోర్టు మెట్లెక్కని లాయరంటే ఆయనకు నీళ్లలో దిగని ఈతగాడితో సమానం. నేనేమో హైదరాబాదులో ఒక కార్పొరేట్ న్యాయ సంస్థలో చేరి ఏడాదిన్నర అయింది. నల్లకోటు లాయరుగా పేరు నమోదైన ఎన్‌రోల్‌మెంట్ రోజున వేసుకున్నదే.

నా పని కాగితాలు తవ్వడం. ఎవరైనా ఒక కంపెనీని కొనబోతుంటే దాని బోర్డు మినిట్స్, షేర్ల రిజిస్టరు, అప్పు పత్రాలు, అద్దె దస్తావేజులు అన్నీ చదివి లొసుగులు రాసివ్వాలి. డ్యూ డిలిజెన్స్ అంటారు. విసుగు పని అని స్నేహితులు జాలిపడతారు కానీ, నిజం చెప్పాలంటే నాకు ఇష్టమే. మొన్న ఒక కంపెనీ ఎప్పుడో తీర్చేసిన బ్యాంకు అప్పు కంటపడింది. బాకీ లేదని బ్యాంకు లేఖ ఇచ్చింది. అప్పు తీరిందని కంపెనీల రిజిస్ట్రార్‌కు తెలిపే సీహెచ్‌జీ-4 ఫారం మాత్రం ఎవరూ దాఖలు చేయలేదు. 2013 కంపెనీల చట్టం 82వ సెక్షన్ ప్రకారం 30 రోజుల్లో వేయవలసినది. అంటే అప్పు తీరినా, రిజిస్ట్రార్ రికార్డులో ఆస్తి ఇంకా తాకట్టులోనే ఉంది! రాత్రి ఒంటిగంటకు ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

దాని మీద పెద్ద పేరా రాశాను. సీనియర్ ఒక్క వాక్యానికి కుదించారు. సరే, నాది పొడుగే. అంతటితో ఆ కంపెనీతో నా సంబంధం తెగిపోయింది. కొనేవాళ్లు ముందు ఫారం వేయమని పట్టుబట్టారో, చూసీ చూడనట్టు వదిలేశారో! ఆ చర్చల్లో నాకు చోటు లేదు. మర్నాడు రాత్రి తొమ్మిదికి మరో కంపెనీ కాగితాలు వచ్చాయి, పొద్దున్నకల్లా కావాలంటూ.

నా కోపం జీతం మీద కాదు. కోర్టు జూనియర్లకు నగరాల్లో నెలకు 20,000, గ్రామాల్లో 15,000 రూపాయలైనా ఇవ్వండని 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సీనియర్లకు సూచించవలసి వచ్చింది. వాళ్ల ముందు మా బాధ చెప్పుకోవడం సిగ్గుచేటు. అయితే పెదనాన్న ఫైళ్లు మోసిన రోజుల్లో సీనియర్ వెనక నిలబడి కేసు మొదటినుంచి చివరిదాకా చూశారు. కక్షిదారు ఏడుపూ, సాక్షి మాట మార్చడమూ అన్నీ కళ్లముందే. మాకు ఏనుగు తోక ఒక్కటే ఇచ్చి, ఏనుగును అర్థం చేసుకోలేదేమని తిడుతున్నారు.

మమ్మల్నీ చర్చల్లో కూర్చోనివ్వమంటే, జూనియర్ గంటలకు క్లయింటు డబ్బివ్వడంటారు. బిల్లులో వేయకండి. చర్చల్లో నోరు మూసుకుని ఒక మూల కూర్చుంటాను, చాలు.

సంక్రాంతికి పెదనాన్నకు ఈ తాకట్టు కథంతా చెప్పాను. మొదటిసారి నా పని గురించి శ్రద్ధగా విన్నారు. "మరి ఆ ఫారం వేశారా, లేదా?" అని అడిగారు. అరిసెల పళ్లెం ఆయనవైపు జరిపాను.